పేరు లేని నట్టు

ఈ ఉదయం కోదాడ షెడ్డులో ఉన్నవాళ్ళు: నేను, డ్రైవరు సైదులు, ఎదురుగా టీ బడ్డీ నడిపే లతీఫ్ భాయ్, దేవదానం మేస్త్రీ గారి భార్య మరియమ్మ గారు, పిలవకుండానే వచ్చి గోడవారగా నిలబడ్డ బజారు జనం. ఉన్నవి: యుద్ధంలో ఒక చిన్నరకం టాంకును లాగిన ఎనిమిది సిలిండర్ల ఇంజను, దాన్ని మోస్తున్న పాత కారు చాసిసు, దానికింకా తలుపులూ పైకప్పూ లేవు, డ్రైవరు కూర్చోవడానికి ఒక చెక్కపెట్టె మాత్రం ఉంది, రెండు డ్రమ్ముల నీళ్ళు, నాలుగు బకెట్ల ఇసుక, ఒక ఇత్తడి పళ్ళెం, పళ్ళెం పక్కన డబ్బా నిండా పనికిరాని పాత నట్లు. అన్నీ సరిచూసుకుని తలెత్తేసరికి మరియమ్మ గారు డబ్బాలోంచి ఒక నట్టు తీసి, పెదవి కదపకుండా పళ్ళెంలో వేశారు. ఠంగుమన్న ఆ చప్పుడుతోనూ, నట్ల డబ్బాలోంచి లేచిన కిరోసిన్ వాసనతోనూ మూడేళ్ళ కిందటి ఎండాకాలం మొత్తం నా ముందుకొచ్చి నిలబడింది. సైదులు రేడియేటరు నింపేలోగా గుర్తొచ్చిందంతా ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

దేవదానం గారిని చూడనివాళ్ళకు ఆయన గురించి చెప్పడం కష్టం కాదు. ఆయనలో దాచిందంటూ ఏమీ లేదు. పొడుగు మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ నూనె నలుపు. కోదాడలో అరిస్తే మునగాలలో వినబడుతుందని సైదులు అనేవాడు. ఇక్కడే పుట్టి, యుద్ధంలో సైన్యం మోటారు వర్క్‌షాపులో చేరి, బర్మా సరిహద్దు దాకా వెళ్ళి, తిరిగొచ్చి ఇక్కడే షెడ్డు వేశారు. వినయం ఆయన పనిముట్లలో లేదు. ఈ తాలూకాలో చచ్చిన మోటారుకు ప్రాణం పోసేవాళ్ళు ఇద్దరేనని, పైనున్న ఆయనకు తీరిక లేనప్పుడు తానేనని, చర్చి మెట్ల మీద నిలబడి మరీ చెప్పేవారు. తప్పులు కూడా అంత గట్టిగానే చేసేవారు. చేసిన మరుక్షణం నలుగురినీ పిలిచి, ఇదిగో ఇక్కడ చేశాను అని చూపించేవారు. పోయిన వానాకాలంలో విషజ్వరంతో పోయారు. నాకొచ్చిన ఇంజనీరింగులో సగం హైదరాబాదులో చదువుకున్నది. మిగతా సగం ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నది.

మాది సూర్యాపేట. డిప్లొమా చేతికి రాగానే మిర్యాలగూడలో ఒక వడ్ల మిల్లులో ఉద్యోగం దొరికింది. మిల్లు ఇంజను చూసుకోవడం, పక్కగదిలోని లేతు మీద అరిగిన సామాన్లకు బదులు కొత్తవి చెయ్యడం నా పని. ఒకరోజు మధ్యాహ్నం ఆయన గోనెసంచి భుజాన వేసుకొని వచ్చి, గుమ్మంలో నిలబడి, "లేతు మీద కూసునేది నువ్వేనా?" అని అడిగారు. లేతు మీద కూర్చోరని, ముందు నిలబడతారని చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఓహో, డిప్లొమా ఉన్నట్టుంది పిలగానికి" అన్నారు. ఆ రోజునుంచీ కోదాడలో నా పేరు డిప్లొమా. సంచిలోంచి గుండ్రటి ఉక్కు దిమ్మ ఒకటి తీసి నా బల్లమీద పెట్టి అదేమిటో చెప్పమన్నారు. నీళ్ళ పంపు సామాను అన్నాను.

"విమానం ముక్కు మీద తిరిగే రెక్కను పట్టుకునేదయ్యా ఇది. దీని ఎనక తలకిందులుగ ఏలాడే ఇంజను మొత్తం నా షెడ్డుల ఉన్నది. నా సర్వీసు కారుకు పెడ్తున్న. దీన్ని గేరుపెట్టెకు కలిపే చక్రం నువ్వు చేసియ్యాలె."

అది కుదరదని చెప్పాను. ఎందుకు కుదరదో వరసగా చెప్పాను. ఒకటి, విమానం ఇంజను గాలితో చల్లబడుతుంది, కారులో అంత గాలి తగలదు. రెండు, ఆ లాగుడుకు కలిపే బోల్టులు తెగిపోతాయి. మూడు, తలకిందుల ఇంజనును నిలబెడితే నూనె ఎక్కడికి పోతుందో తెలియదు. ఆయన అడ్డు రాకుండా మొత్తం విన్నారు. తర్వాత జేబులో చెయ్యి పెట్టి మూడు నట్లు తీసి నా అరచేతిలో పోశారు. "ఆదివారం రా. ఇవి మర్చిపోకుండ తీస్కరా. మా కాడ అనుమానం ఉన్నోడు నట్టు పెట్టాలె" అని వెళ్ళిపోయారు. నేను కుదరదన్న పనికి నన్నే పిలిచిన మనిషిని అంతకుముందు చూడలేదు. ఆదివారం దాకా ఆగడం కష్టమైపోయింది.

కోదాడ వెళ్ళాక సంగతి తెలిసింది. ఆయనకు కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు జనాన్ని చేరవేసే సర్వీసు కారు నడిపే పర్మిట్ ఉంది. కారు యుద్ధానికి ముందుదైన పొడుగాటి అమెరికా బండి. దాని ఇంజను దిమ్మ నిలువునా పగిలింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. బండి రోడ్డు మీద లేకపోతే పర్మిట్ ఇంకొకరికి పోతుందని, తనిఖీకి వస్తున్నానని రవాణా ఇన్‌స్పెక్టరు సూర్యాపేట నుంచి కబురు పంపాడు. పర్మిట్ పోతే షెడ్డు మూతపడుతుంది. సైదులు కుటుంబం, మేస్త్రీ గారి కుటుంబం బతికేది దానిమీదే. ఆ పరిస్థితిలో బెజవాడ అవతల మిలిటరీ వాళ్ళు పాత సామాను అమ్మేస్తున్నారని విని, ఇంజను తెస్తానని వెళ్ళి, శిక్షణకు వాడే చిన్న విమానం ఇంజనుతో తిరిగొచ్చారు. నైజాం సరిహద్దు సుంకం చౌకీ దగ్గర ఇదేమిటని అడిగితే, విమానం ఇంజను అని నిజమే చెప్పారట. గుమాస్తా పగలబడి నవ్వి, నీళ్ళ పంపు అని రాసుకొని పంపేశాడట. ఆ మాట చెప్పి, "డిప్లొమా కూడ అదే అన్నడు, చౌకీల ఉద్యోగం ఇప్పిద్దామా?" అని మరియమ్మ గారిని అడిగారు.

ఆ ఇంజనును మొదటిసారి చూసినప్పుడు గొంతుకూర్చుని ఒక్కో సిలిండరునూ చేత్తో తడిమాను. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి నీళ్ళ బిందెంత. రెండు వడ్ల బస్తాల బరువు, నూట ముప్పై గుర్రాల బలం. పాత ఇంజను బలం అందులో సగం ఉంటుందేమో. విమానంలో అది తలకిందులుగా వేలాడుతుంది, సిలిండర్లు కిందికీ ఇరుసు పైకీ. మేం దాన్ని తిప్పి నిలబెట్టాం. నూనె కోసం కింద తొట్టి కట్టాం. నేను మిల్లులో చక్రం తయారుచేసి ప్రతి ఆదివారం ఎడ్లబండి దొరికితే ఎడ్లబండి మీద, సైకిలు దొరికితే సైకిలు మీద కోదాడ చేరేవాణ్ణి. బలం బయటికి వచ్చేది ఆ తిరిగే రెక్క బిగించే కొసనుంచి కాబట్టి, కారులో గేరుపెట్టె వెనక ఉంటుంది కాబట్టి, ఇంజనును ముందువెనకలు మార్చి రెక్క కొసను వెనక్కి పెట్టి బిగించాం. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మేం మర్చిపోయింది అదే.

నట్ల పద్ధతి ఆయన సైన్యంలో ఉండగా మొదలుపెట్టిందట. ఏ ఇంజనునైనా మొదటిసారి తిప్పేముందు పళ్ళెం మధ్యలో పెడతారు. ఎవరికి ఏ అనుమానం ఉన్నా పైకి చెప్పి నట్టు వెయ్యాలి. మెకానిక్కే కానక్కర్లేదు, దారిన పోయేవాడైనా సరే. నియమాలు రెండు. నట్టు వెయ్యనివాడికి తర్వాత నవ్వే హక్కు లేదు, నేను ముందే అనుకున్నాననే హక్కూ లేదు. రెండోది, అనుమానం నిజమైతే దానికి మందు ఆలోచించాల్సింది కూడా ఆ నట్టు వేసినవాడే. లోపల పెట్టుకున్న అనుమానమే బండిని తింటుందని ఆయన అనేవారు. విమానం ఇంజనును మొదటిసారి తిప్పబోయే ఉదయం నేను నా మూడు నట్లూ వేశాను. ఇంజనును తిప్పడానికి లాగే తాడు తెగుతుందని సైదులు ఒకటి వేశాడు. బండి పైకి లేస్తుందని లతీఫ్ భాయ్ ఒకటి వేశాడు. పైకి లేస్తే సైదుల్ని దింపేదెవరని మరియమ్మ గారు ఇంకొకటి వేశారు.

ఇన్‌స్పెక్టరు వచ్చేది మర్నాడు. కారు ఇంజనును ముందునుంచి హ్యాండిలుతో గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతాం. విమానం ఇంజను కూడా రెక్కకు ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు వైపే తిరుగుతుంది. బల్లమీద ఉండగానే మేస్త్రీ గారూ నేనూ రెండూ పోల్చి చూసుకొని, ఒకటేనని తృప్తిపడ్డాం. ఇప్పుడు కారు అడుగుపలకలు తీసేసి, వెనకనున్న చక్రానికి తాడు చుట్టి, బల్లమీద లాగిన వైపుకే సైదులూ నేనూ లాగాం. మొదటి లాగుకు దగ్గింది. రెండో లాగుకు పట్టుకుంది. ఆ మోత నేను చెప్పలేను. షెడ్డు రేకులన్నీ ఒక్కసారి మాట్లాడాయి. గొట్టంలోంచి నీలిమంట వచ్చింది. జనం గోడదాకా వెనక్కి పోయి, మళ్ళీ అంతా ముందుకొచ్చారు. నేను అరుస్తున్నానని నాకు తెలియలేదు, సైదులు తర్వాత చెప్పాడు. మేస్త్రీ గారు ఎక్కి కూర్చుని, పెండ్లికొడుకులా నాలుగువైపులా చూసి, మొదటి గేరు వేసి క్లచ్చు వదిలారు.

కారు వెనక్కి పోయింది. నెమ్మదిగా కాదు. షెడ్డు గేటులోంచి వెనక్కి దూకి, రోడ్డు దాటి, లతీఫ్ భాయ్ బడ్డీ పందిరి గుంజను పడగొట్టి ఆగింది. తాటాకుల పందిరి మొత్తం మేస్త్రీ గారి మీద కూలింది. లతీఫ్ భాయ్ అప్పటికి మా షెడ్డులోనే ఉన్నాడు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఒక్కరూ నవ్వలేదు. బజారంతా పెదవులు బిగబట్టుకొని నిలబడింది. ముందుకు పోవాల్సింది వెనక్కి పోతుందని ఎవరూ నట్టు వెయ్యలేదు. కాబట్టి ఎవరికీ హక్కు లేదు. లతీఫ్ భాయ్ మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. తాటాకులు కదిలి, మేస్త్రీ గారి తల బయటికొచ్చి, ఆ జనాన్ని చూసి, ఆయనే మొదట నవ్వారు. అప్పుడిక ఎవరూ ఆగలేదు. మర్నాడు పర్మిట్ పోబోతున్న మనిషి అట్లా నవ్వడం చూసి నాకు భయం వేసింది. ఆయన నవ్వు ఆపకుండానే షెడ్డులోకి వచ్చి, పళ్ళెం ముందు కూర్చుని, డబ్బాలోంచి ఒక నట్టు తీసి అందరికీ చూపించారు.

"ఇది ఎవ్వలూ పెట్టని నట్టు. నేను పెట్టలే, డిప్లొమా పెట్టలే. ఇగనుంచి ఏ బండికైనా ముందుగాల ఇదే పడాలె. దీనికి పేరు లేదు."

వేసి, నా వైపు తిరిగి అడిగారు. "అది ఎటు తిరుగుతదో మనం ఎక్కడ నిలబడి చూసినం?"

రెక్కకు ఎదురుగా అన్నాను. కారు హ్యాండిలు తిప్పేటప్పుడు ఎక్కడ నిలబడతామని అడిగారు. కారుకు ముందు అన్నాను. ఇప్పుడు రెక్క కొస ఎక్కడుందని అడిగారు. లేచి కారు చుట్టూ నడిచాను. ముందు నిలబడి చూశాను, వెనక నిలబడి చూశాను. ఎడ్లబండి చక్రం ఎడమపక్కనుంచి చూస్తే ఒక వైపు, కుడిపక్కనుంచి చూస్తే ఇంకోవైపు తిరిగినట్టుంటుంది. చక్రం ఒకటే. మేం రెండు ఇంజన్లను రెండు చోట్ల నిలబడి చూసి ఒకటే అనుకున్నాం. నేను వెనక్కి తిరిగి వచ్చేసరికి ఆయన మొహంలో ఓడిపోయిన జాడ లేదు. కొత్త లెక్క దొరికిన వాడిలా ఉన్నారు.

రివర్సు గేరులో పెడితే ముందుకు పోతుంది, కానీ ఎద్దులు దాటిపోయేంత నెమ్మదిగా. ఆ నడకకు పర్మిట్ ఇవ్వరు. ఇంజను తిరిగే వైపు మార్చలేం, గేరుపెట్టెను మార్చలేం. వెనక ఇరుసును బోర్లా తిప్పుదామని ఆయన అన్నారు. పైది కిందికి, ఎడమ చక్రం కుడికి, కుడి చక్రం ఎడమకి. అప్పుడు లోపలి పళ్ళచక్రం అవతలిపక్కకు పోతుంది, బండి ముందుకు పోతుంది. నేను నేలమీద సుద్దతో గీసి చూశాను. నిజమే. ఆ పగలంతా బజారు మొత్తం మా షెడ్డులోనే ఉంది. బండిని ఎత్తిపట్టినవాళ్ళు, కమ్మరి కొలిమి నుంచి ఎర్రగా కాల్చిన రాడ్లు పరుగెత్తుకుంటూ తెచ్చినవాళ్ళు, ఏమీ చెయ్యకుండా సలహాలిచ్చినవాళ్ళు. తలకిందులైన ఇరుసులో నూనె పోసే రంధ్రం కిందికి పోయింది, వదిలే రంధ్రం పైకి వచ్చింది. వదిలే దాంట్లోంచే పోశాం. సైదులు దాన్ని చూసి, "ఈ బండికి ఏదీ సక్కగ లేదన్నా, అందుకే సక్కగ పోతదేమో" అన్నాడు. పొద్దు గుంకే వేళకు అది మొదటి గేరులో ముందుకు పోయింది. లతీఫ్ భాయ్ కూలిన పందిరి కిందనే అందరికీ టీ పోశాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టోపీ, బూట్లు, తక్కువ మాటలు. బండిని సూర్యాపేట దాకా నడిపి చూపించమన్నాడు. మేస్త్రీ గారు నడిపారు, ఇన్‌స్పెక్టరు ఆయన పక్కన, సైదులూ నేనూ వెనక. బలానికి లోటు లేదు. ఇరుసు మాత్రం కూ అని పాడుతోంది, పళ్ళు వాడుకలేని వైపు ఒరుసుకుంటున్నాయి కాబట్టి. ఏందయ్యా ఈ ఆవాజ్ అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. పాడుకుంటున్నది సార్, చాలా రోజుల తర్వాత రోడ్డెక్కింది కదా అన్నారు మేస్త్రీ గారు. మునగాల దగ్గర వేరుశనగ బస్తాల ఎడ్లబండ్లు బారుగా అడ్డం వచ్చాయి. వాటి వెనక నెమ్మదిగా పోతుంటే విమానం నుంచే తెచ్చి బిగించిన నూనె వేడి గడియారం ముల్లు పైకి లేవడం చూశాను. ముందుకు వంగి, ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చిందని మేస్త్రీ గారి చెవిలో చెప్పాను.

"ఎవరి నట్టు అది?" అన్నారు రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

"నాదే."

"మరి మందు చెప్పు."

బండి ఆపితే పర్మిట్ పోతుంది. ఆపకపోతే ఇంజను పట్టేస్తుంది. నీళ్ళు పోస్తే సిలిండర్లు పగులుతాయి. వరసగా అన్నీ తీసేశాక ఒక్కటే మిగిలింది. దాన్ని పైకి అనడానికి నాకు ధైర్యం చాలలేదు, కానీ నట్టు నాది. గాలి కావాలి, ఆగితే గాలి ఉండదు, ఇంకా వేగంగా పోవాలి అన్నాను.

దేవదానం గారు నావైపు తిరిగి చూసిన చూపు నాకు డిప్లొమా కంటే ఎక్కువ. "సార్, టోపీ పట్టుకోండ్రి. ఇది ఆగితే కాలుతది, ఉరికితే సల్లబడ్తది" అని ఇన్‌స్పెక్టరుతో చెప్పి, బండ్ల పక్కనుంచి మట్టిబాటలోకి దింపి, దాటి, మళ్ళీ రోడ్డెక్కించి కాలు నొక్కారు. ఆ విమానం ఇంజనుకు మొదటిసారి నేలమీద గాలి తగిలింది. చింతచెట్లు రెండు పక్కలా గోడలైపోయాయి. నేను ముల్లునే చూస్తున్నాను. వణికింది, ఆగింది, గీత కిందికి దిగడం మొదలుపెట్టింది. దిగుతోంది, దిగుతోంది అని నేను అరుస్తుంటే ఇన్‌స్పెక్టరు తను చూస్తున్న మీటరును వేలితో చూపించాడు. గేరుపెట్టె ఉల్టా తిరుగుతుండటంతో వేగం చూపే ముల్లు సున్నా కింద అతుక్కుపోయి ఉంది. "సున్నా అంటున్నదయ్యా" అన్నాడు. "మర్యాద తెలిసిన మీటరు సార్, ఆఫీసర్ల ముందు నోరు ఇప్పదు" అన్నారు మేస్త్రీ గారు. ఇన్‌స్పెక్టరు టోపీ అదిమిపట్టుకొని నవ్వుతున్నాడు. సూర్యాపేట చేరేదాకా ఆపుకోలేకపోయాడు.

దిగాక మళ్ళీ అధికారి అయిపోయాడు. రివర్సు చూపించమన్నాడు, చూపించాం. అది ఏ బండి అని అడిగితే, ముందు సగం గాలిది, వెనక సగం నేలది అని మేస్త్రీ గారు ఉన్నదున్నట్టు చెప్పారు. పర్మిట్ ఉంటుందన్నాడు. కాకపోతే షరతు, ముప్పై మైళ్ళ వేగం మించకూడదు. నెమ్మదిగా పోతే కాలే బండికి అది ఉరిశిక్ష. ఆ నట్టు ఇంకా నాదేనని మేస్త్రీ గారికీ నాకూ తెలుసు. మిల్లులో వడ్లలోని తాలు, పొట్టు ఎగరగొట్టే రేకుల పంఖా పాతది ఒకటి మూలన పడి ఉంది. మిల్లు యజమానిని అడిగి తీసుకొని, లేతు మీద చిన్నది చేసి, ఇంజను ముందు బెల్టుతో బిగించాను. అప్పటినుంచి బండి ఎంత నెమ్మదిగా పోయినా ముల్లు ఎర్రగీత చేరలేదు. ఎక్కినవాళ్ళకు మాత్రం ఒడినిండా ఎక్కడిదో పాత ఊక పడేది.

ఆ కారు మొన్నటిదాకా నడిచి మూలకు చేరింది. చివరి రోజుల్లో ఆయన ఒక టాంకు ఇంజను తెచ్చి షెడ్డులో దించి, దాన్ని బిగించకముందే వెళ్ళిపోయారు. పర్మిట్ ఇప్పుడు మరియమ్మ గారి పేరున ఉంది. ఆ టాంకు ఇంజనును ఇంకో పాత చాసిసుకు బిగిద్దామని ఆమే కబురు పెట్టారు. నేను ఇప్పుడు ఏదైనా చూస్తే, యంత్రమైనా, మనుషుల తగాదా అయినా, ఎటు తిరుగుతోందో చెప్పేముందు ఎక్కడ నిలబడి చూస్తున్నానో నన్ను నేనే అడుగుతాను. రెండో పక్కకు నడిచి వెళ్ళి మళ్ళీ చూస్తాను. ఇవాళ కూడా టాంకు ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగాను. పళ్ళెంలో మరియమ్మ గారి నట్టు మీద నా అనుమానాలు నేను వేశాను. సైదులు వేశాడు. లతీఫ్ భాయ్ తన బడ్డీకి కొత్త గుంజలు వేసుకున్నానని చెప్పి మరీ ఒకటి వేశాడు. గోడవారనున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వేశారు. సైదులు పెట్టెమీద కూర్చుని తాళం తిప్పేముందు పళ్ళెంలోని నట్లు లెక్కపెట్టాను.

అనుమానాలు పద్నాలుగు. నట్లు పదిహేను.